23 అడుగుల దగ్గర ఆగిన నుయ్యి

గజపతి జిల్లా కాశీనగరం చుట్టుపక్కల ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినాయన వయసు 46, కిరాణా కొట్టు నడుపుతారు. ఇంటి వెనక కొండవారన 60 సెంట్ల సొంత జాగా ఉంది. కిందటేడు సంక్రాంతి వెళ్ళాక ఆ జాగాలో ఒక మూల, నాలుగడుగుల వెడల్పున గుండ్రంగా నుయ్యి తవ్వడం మొదలుపెట్టారు. కొట్టు మూసే ఆదివారాల్లోనే పని. వానాకాలమంతా రేకు కప్పి ఆపేశారు. కార్తీకంలో మళ్ళీ గునపం పట్టి, మొన్న శివరాత్రికి 23 అడుగులకు దిగారు. నీళ్ళ కోసం కాదు, ఇంటికి బోరు ఉంది. "అడుగు దిగిన కొద్దీ మట్టి రంగు మారుతుంటే చూడ్డం బాగుంటుంది. మిట్టమధ్యాహ్నం కింద కూర్చుంటే చల్లగా ఉంటుంది. వారమంతా కొట్లో విన్న మాటలు అక్కడ ఒక్కటీ వినబడవు" అని రాశారు. 40 అడుగుల దాకా వెళ్ళాలని కోరిక.

ఇంట్లో పరిస్థితి వేరు. భార్య "నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావు" అంటున్నారు. ఆయన దిగిన ప్రతిసారీ ఇంటిపని మానుకుని గట్టు మీదే కూర్చుంటున్నారు. బావమరిది జేసీబీ తెచ్చి ఒక్కపూటలో పూడ్పించేస్తానంటున్నారు. తొమ్మిదో తరగతి చదివే కొడుకు ఇన్నాళ్ళూ పైనుంచి బకెట్టు లాగేవాడు, ఇప్పుడు తానూ దిగుతానని పట్టుబడుతున్నాడు. ఉత్తరం చివర మూడు సంగతులు ఒక్కో వాక్యంలో చెప్పి దాటేశారు. 17 అడుగుల దగ్గర గోడలో జిగురుగా ఉండే తెల్ల సుద్ద గీత ఏటవాలుగా తగిలిందట, దాని మీంచి రెండుసార్లు పెళ్ళలు రాలాయట. నెల రోజులుగా గంటన్నర దాటితే తల దిమ్ముగా ఉంటోందట, కొవ్వొత్తి మాత్రం బాగానే వెలుగుతోందట. తవ్విన మట్టిని వాననీరు లోపలికి రాకుండా చుట్టూ గట్టులా పోశారట. ఆయన ప్రశ్న: "ఆపేయాలా, సాగించాలా? సాగిస్తే ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్పాలి?"

మీరు అడిగిన రెండు ప్రశ్నలకన్నా చివర దాటేసిన మూడు సంగతులే పెద్దవి. అందుకని ముందే ఒక మాట. ఏదో ఒకటి తేల్చుకునేదాకా ఆ నూతిలోకి దిగకండి. కింద చెప్పేవన్నీ మీరు ఎంచుకోవలసిన దారులే గానీ, ఈ ఒక్కటి మాత్రం అలాంటిది కాదు.

"నీళ్ళు అక్కర్లేనప్పుడు నుయ్యి ఎందుకు" అన్నవాళ్ళకి మీరు జవాబు వెతుక్కోనక్కర్లేదు. ఒళ్ళు అలిసే పని, మనసు ఊరుకునే చోటు ఒకేచోట దొరికాయి. అది చాలు. ఇంట్లోవాళ్ళ భయం కూడా మీ సరదా మీద కాదు, గోడ మీద, గాలి మీద. ఆ రెంటికీ కారణాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి.

సుద్ద గీతతో మొదలుపెడదాం. మీ ప్రాంతపు కొండల్లో ఖొండలైటు అనే రాయి విస్తారంగా ఉంటుంది (కొండ్ గిరిజనుల పేరే దానికి పెట్టారు). అది పుస్తకంలో పేజీల్లా పొరలుపొరలుగా ఉండే రాయి. వేల ఏళ్ళు తడిసి ఆరి చెడిపోయేటప్పుడు పొరల మధ్య ఉన్న ఖనిజాలు తెల్ల సుద్దగా మారతాయి. ఎండినప్పుడు గట్టిగానే కనిపిస్తుంది, తడిస్తే సబ్బులా జారుతుంది. మీకు తగిలిన గీత బహుశా అలాంటి పొర అంచే. గుండ్రటి నూతిలో ఏటవాలు పొర తగిలితే గీత గోడచుట్టూ ఒకవైపు ఎత్తుగా, ఎదురువైపు పల్లంగా కనిపిస్తుంది. ఎత్తుగా కనిపించే వైపు గోడే మిమ్మల్ని భయపెట్టవలసింది. అక్కడ గీతకి పైనున్న మట్టంతా నూతిలోకి వాలిన జారుడుబల్ల మీద కూర్చున్నట్టు ఉంటుంది. కింద ఆనిక ఇస్తున్న మట్టిని మీరు తీసేశారు. రెండుసార్లు పెళ్ళలు రాలడం దానికి ఆనవాలు. ఎదురువైపు పొర నూతికి అవతలికి వాలి ఉంటుంది కాబట్టి ఆ గోడ అంతగా కదలదు.

ఒక ఘనపుటడుగు మట్టి దగ్గరదగ్గర 50 కిలోలు తూగుతుంది. మూడడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు, అడుగు మందం ఉన్న పెళ్ళ ఊడితే 300 కిలోలు. ఛాతీ దాకా మట్టి పడితే తల బయటే ఉన్నా ఊపిరి తీసుకోవడానికి పక్కటెముకలు విచ్చుకోలేవు. అందుకే తవ్వకాల భద్రతకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 3764, ఒకటిన్నర మీటరు దాటిన కందకానికే గోడలకు దన్ను కట్టమంటుంది. మీరు ఏడు మీటర్ల లోతున ఏ దన్నూ లేకుండా కూర్చుంటున్నారు.

దీనికి మీరు మంచికే చేసిన ఒక పని తోడైంది, చుట్టూ పోసిన మట్టిగట్టు. 23 అడుగుల్లోంచి ఇప్పటికి సుమారు 290 ఘనపుటడుగుల మట్టి, అంటే 14 టన్నులు పైకి తీశారు. అదంతా అంచున కూర్చుని, జారడానికి సిద్ధంగా ఉన్న గోడని పైనుంచి నొక్కుతోంది. నూతి లోతులో సగం దూరం, అంటే కనీసం 12 అడుగుల అవతలికి దాన్ని తరలించాలి. మట్టిని వెలుపలి వైపు నుంచి లాగాలి గానీ అంచున నిలబడి తియ్యకూడదు. వాననీటికి గట్టు కన్నా కొండ వైపున అడుగు లోతు కాలువ తవ్వి పక్కకు మళ్ళించడం మేలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వానకి మీ జిల్లాలోనే కొండవాలు జారి ప్రాణాలు పోయాయి. తడిసిన కొండవారన మట్టి ఎలా కదులుతుందో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక తల దిమ్ము. ఎండ వల్ల కావచ్చని రాశారు, కానీ నూతి అడుగున ఎండ ఎక్కడిది? పని చేసే మనిషి నిమిషానికి సుమారు లీటరు బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు) వదులుతాడు. మీ నూతిలో కింది ఆరడుగుల్లో ఉన్న గాలి మొత్తం దాదాపు 2,100 లీటర్లు. గాలి కదలకపోతే గంటలో మీ ఊపిరే అందులో మూడు శాతం దాకా చేరుతుంది. ఆ పాటికే తల పట్టేస్తుంది, ఊపిరి వేగం పెరుగుతుంది. ఇది కాక మట్టిలో కుళ్ళే వేళ్ళ నుంచి అదే వాయువు ఊరుతుంది. మామూలు గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి కిందే పేరుకుంటుంది.

కొవ్వొత్తిని నమ్ముకోకండి. గాలిలో ప్రాణవాయువు మామూలుగా 21 శాతం. 19.5 కన్నా తగ్గితే అక్కడ పని చెయ్యకూడదంటారు. కొవ్వొత్తి మాత్రం 16, 17 శాతం దాకా వెలుగుతూనే ఉంటుంది. కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు ఉంటే అసలు ఏమీ చెప్పదు.

పుష్యమాసంలో రాని తలనొప్పి ఇప్పుడెందుకు వస్తోందో చూడండి. చలికాలం పొద్దున బయటి గాలి నూతిలో గాలి కన్నా చల్లన. చల్లగాలి బరువు కాబట్టి కిందికి దిగుతుంది, లోపలి వెచ్చటి గాలి పైకొస్తుంది. నుయ్యి తనంతట తానే ఊపిరి తీసుకుంటుంది. ఫాల్గుణం వచ్చేసరికి బయట ఎండ కాస్తుంది, లోపల చల్లగా ఉంటుంది. చల్లటి గాలి అడుగున మడుగులా నిలిచిపోతుంది. మీకు అంత ఇష్టమైన ఆ మధ్యాహ్నపు చల్లదనం గాలి కదలడం లేదనడానికి గుర్తు. ఈ మాట రాయడం నాకూ కష్టంగానే ఉంది, కానీ ఉన్నది అదే. ఇంకొకటి: వాయుగుండం పట్టిన రోజు బయటి గాలి ఒత్తిడి తగ్గి, మట్టి లోపలి గాలి నూతిలోకి వచ్చేస్తుంది. వాన పడకపోయినా ఆ రోజు నుయ్యి మంచిది కాదు.

వేపమండ కట్టి ఆడించడం, బకెట్ల కొద్దీ నీళ్ళు కుమ్మరించడం పాతకాలపు పద్ధతులు. గాలిని కాస్త కలుపుతాయి, అంతే. పైన టేబుల్ ఫ్యాను పెట్టినా అడుగుకి గాలి చేరదు. కావలసింది బ్లోయరు, దానికి అమర్చిన పొడుగాటి గొట్టం. గొట్టం మూతి అడుగుకి రెండు మూడడుగుల ఎత్తున ఉండాలి. గాలిని లోపలికి తొయ్యాలి, లాగకూడదు. దిగడానికి 20 నిమిషాల ముందు నుంచి, పైకొచ్చేదాకా ఆగకుండా తిరగాలి. కరెంటు పోతే మీరూ పైకి రావాలి. ప్రాణవాయువునీ, బొగ్గుపులుసు వాయువునీ కూడా చూపే చేతి మీటరు అద్దెకైనా తెచ్చుకుని, తాడు కట్టి దించి, పైన, మధ్యన, అడుగున మూడుచోట్ల చూశాకే దిగాలి. రేపు ఊట తగిలితే డీజిలు ఇంజను నూతిలోకి దించవద్దు. నూతుల్లో ప్రాణాలు తీసేవాటిలో ఆ పొగ ముఖ్యమైనది.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. "అర్థం చేసుకోదు" అని రాశారు. ఆవిడ గట్టు మీద కూర్చుని మీరు చూడని లెక్కొకటి చూస్తున్నారు: కింద ఈయన పడిపోతే నేనేం చెయ్యగలను? ఆ లెక్క మీరిద్దరూ కలిసి చెయ్యండి. రెండు గోనెసంచుల్లో మీ బరువుకి సరిపడా ఇసుక నింపి, జంటగా కట్టి, అడుగుకి దించండి. ఇప్పుడు మీరు వాడే గిలక, అదే మోకు. మీరు పక్కన నిలబడి చెయ్యి వెయ్యకుండా, మీ ఆవిణ్ణీ అబ్బాయినీ లాగమనండి. గడియారం చూడండి. ఊపిరి ఆగిన మనిషికి నాలుగు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆ లోపల సంచులు పైకి రాకపోతే మీకు పైన మనుషులున్నా లేనట్టే. అప్పుడు ఆవిడ దిగుతారు, ఆవిడ వెనకే అబ్బాయి దిగుతాడు. నూతి ప్రమాదాల్లో ఒకరి వెనక ఒకరు పోవడం ఇలాగే జరుగుతుంది. పడిపోయిన మనిషి కోసం ఎవరూ దిగకూడదన్న నియమం ఇంట్లో ముందే, ప్రశాంతంగా ఉన్నప్పుడే అనుకోవాలి. అది పాటించడం సాధ్యం కావాలంటే మీ ఒంటి మీద భుజాలకీ తొడలకీ పట్టే సేఫ్టీ బెల్టు ఉండాలి. నడుముకి కట్టిన తాడు మనిషిని రెండుగా మడిచేస్తుంది, ఊపిరి ఆడనివ్వదు. పైన ముక్కాలి స్టాండు, చేత్తో తిప్పే వించీ, బకెట్టు తాడుతో సంబంధం లేని వేరే తాడు ఉండాలి. వించీ ఉంటే ఆవిడ ఒక్కరే మిమ్మల్ని పైకి తేగలరు. ఇంట్లో ఎలా చెప్పాలని అడిగారు కదా, ఈ ఇసుకసంచుల పరీక్ష కన్నా బాగా చెప్పే మాట నాకు తెలియదు.

ఇక దారులు. మీ బావమరిది చెప్పినట్టు పూడ్చేస్తే భయం పోతుంది, కాకపోతే జేసీబీతో కుమ్మరించి వెళ్ళిపోతే పని అయిపోదు. ఏడెనిమిది టన్నుల బండి నూతి అంచుకి వస్తే ఆ గోడతో పాటే లోపలికి పోవచ్చు. దూరం నుంచి మట్టి తోయించి, అంచున మనుషులు బెల్టుతో పార పట్టాలి. వదులుగా పోసిన మట్టి రెండు వానాకాలాలు కుంగుతూనే ఉంటుంది. రెండడుగుల ఎత్తు కుప్పగా వదిలి, చుట్టూ కంచె కట్టి, కుంగిన చోటల్లా మళ్ళీ పొయ్యాలి. చెత్త, కొమ్మలు వేస్తే లోపల కుళ్ళి, ఎప్పుడో ఒక ఏడాది పశువు కాలు దిగిపోతుంది.

23 అడుగుల దగ్గరే ఆపి, ఇంటి కప్పు మీద వాననీటిని ఇంకించే నుయ్యిగా మార్చుకోవచ్చు. వెయ్యి చదరపుటడుగుల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 4,600 లీటర్లు వస్తాయి, మీ నూతిలో 8,000 లీటర్లు పడతాయి. మీ బోరుకీ మేలే. కానీ వరలు (నూతి గోడకి దన్నుగా ఒకదాని మీద ఒకటి పేర్చే సిమెంటు చుట్లు) దించకుండా నీళ్ళు వదిలితే ఆ సుద్ద పొర తడిసి గోడ కూలుతుంది. అంటే వరల పని ఎలాగూ తప్పదు.

ఇప్పుడున్న గోతిలోకే పైనుంచి వరలు దించి పేర్చుకుంటూ రావడం చాలామందికి తట్టే ఉపాయం. నేను వద్దంటాను. మూడున్నర అడుగుల వెలుపలి వెడల్పు, రెండున్నర అంగుళాల మందం, అడుగు ఎత్తున్న ఒక్కో వర 150 కిలోలు ఉంటుంది. మొదటి వరని సమంగా కూర్చోబెట్టడానికి ఎవరో ఒకరు ఆ వదులు గోడల మధ్య నిలబడాలి, తలమీద 150 కిలోలు వేలాడుతుండగా.

నాకు నచ్చిన దారి మీకు మొదట బాధగా ఉంటుంది. నూతిని నాలుగడుగులు మిగిల్చి పూర్తిగా పూడ్చండి, మీరు తీసిన మట్టితోనే, రాళ్ళూ దుంగలూ లేకుండా. అప్పుడు పైనుంచి వర కూర్చోబెట్టి, దాని లోపల నిలబడి మళ్ళీ తవ్వుకుంటూ దిగండి. వదులు మట్టి కాబట్టి పార చాలు, గునపం అక్కర్లేదు. మీరు తవ్విన కొద్దీ వరల గుత్తి తన బరువుకి తానే దిగుతుంది, పైన ఇంకో వర ఎక్కించాలి. ఏ క్షణంలోనూ మీ చుట్టూ వట్టి మట్టిగోడ ఉండదు. బావమరిది కోరినట్టు నుయ్యి పూడింది, మీరు కోరినట్టు తవ్వకం మిగిలింది. ఏడాది శ్రమ పోయిందనుకోకండి. ఎన్నో అడుగున ఏ మట్టి ఉందో, సుద్ద ఎక్కడ తగులుతుందో ముందే తెలిసి నుయ్యి దింపే అవకాశం ఎవరికీ దొరకదు.

ఆ పనిలో జాగ్రత్తలు కొన్ని. అన్నిటికన్నా కింద ఉండే వర అడుగు అంచు లోపలి నుంచి ఏటవాలుగా, కత్తిలా ఉండాలి. పోత పోసేవాళ్ళకి ముందే చెప్పాలి. తవ్వకం నడిమధ్య నుంచి అంచుకి, చుట్టూ సమంగా సాగాలి. ప్రతి వరకీ నాలుగు దిక్కులా తూకపు గుండు వేసి చూడండి. ఒకవైపు ఎత్తుగా నిలిస్తే ఆ ఎత్తు వైపు కిందే తవ్వాలి, పల్లం వైపు ముట్టకూడదు. వర బిగుసుకుని దిగకపోతే కింద ఆరంగుళాలకి మించి బోలు చెయ్యకండి, ఒక్కసారిగా జారినప్పుడు కాలివేళ్ళు పోతాయి. మీరు పైకొచ్చేసి, వరల మీద ఇసుక బస్తాల బరువు పెట్టి దింపండి. సుద్ద పొర దగ్గర ఒకవైపు తోపు ఎక్కువ కాబట్టి గుత్తి వాలడానికి చూస్తుంది. 15 నుంచి 20 అడుగుల మధ్య రోజుకి ఒక్క వరకన్నా ఎక్కువ దింపకండి. వరకీ పాత గోడకీ మధ్య ఖాళీలో చిన్న కంకర నింపుతూ రావాలి. పై పది అడుగుల్లో అతుకులు సిమెంటుతో మూసి, వెలుపల బంకమట్టి కూరితే మురికినీరు దిగదు. లోపల మూడడుగులకి ఒక అంగుళమే ఎక్కువ మిగులుతుంది, కాబట్టి పొట్టి పిడి పార తప్ప పనికిరాదు. బకెట్టు పైకి వెళ్ళేటప్పుడు పని ఆపి, గోడకి ఆనుకుని, హెల్మెటుతో నిలబడాలి. 23 అడుగుల నుంచి జారిన బకెట్టు గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. కొక్కానికి నోరు మూసుకునే నాలుక ఉండాలి, బకెట్టు మూడొంతులే నింపాలి.

23 దాటాక కొత్త నేల. అక్కడ రోజుకి నాలుగంగుళాలు దిగినా తొందరపడకండి, ఒక్కో అడుగుకి 30, 40 బకెట్లు లెక్క పెట్టుకోండి. ఎక్కడో ఒకచోట గునపం ఖంగుమంటుంది. గట్టి రాయి తగిలిందంటే నా సలహా అక్కడ ఆగడమే. 40 అనేది మీరు పెట్టుకున్న అంకె, నేలకి దాని సంగతి తెలియదు. మందు పెట్టి పేల్చడానికి లైసెన్సు కావాలి, చాటుమాటుగా దొరికే మందు జోలికి వెళ్ళకండి. పేల్చిన పొగ నూతిలో గంటల తరబడి నిలుస్తుంది.

ఇదంతా ఒక్కరి పని కాదు. పైన కనీసం ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, మొదటి పది వరలకైనా నూతుల్లో వరలు దించిన పనివాణ్ణి కూలికి పెట్టుకోండి. ఏకాంతం కోసం మొదలుపెట్టిన పనిలోకి ముగ్గురు మనుషులు వస్తారు. అది మీకు ఇష్టం లేకపోతే నుయ్యి మూసేసి, నడుము లోతు దాటని చెరువో, చేపలగుంటో ఒంటరిగా తవ్వుకోవడం కూడా మంచి దారే. ఈ విషయంలో మిమ్మల్ని మీరే అడిగి చూసుకోవాలి: మీకు కావలసింది లోతా, ఒంటరితనమా?

అబ్బాయిని మాత్రం 18 నిండేదాకా దింపకండి. అలాగని తరిమెయ్యకండి కూడా. అడుగుకో గుప్పెడు మట్టి సీసాల్లో పోసి, లోతు, తేదీ రాసి వరసగా పెట్టే పని వాడికివ్వండి. గాలి మీటరు అంకెలు పుస్తకంలో ఎక్కించే పని కూడా వాడిదే. అంకె తప్పితే మిమ్మల్ని దిగొద్దనే అధికారం వాడికివ్వండి, వాడు అన్నరోజు వాదించకండి.

వరలకి చెప్పి, సామాను సమకూర్చుకునేసరికి ఎంతలేదన్నా చైత్రం గడిచిపోతుంది. నీటిమట్టం అన్నిటికన్నా కిందికి పోయేది రోహిణి కార్తెలో, అప్పటికి మీరు పాత లోతుకి చేరగలిగితే మంచిదే. మృగశిర వచ్చాక మాత్రం ఎంతవరకు అయితే అంతవరకే ఆపి, కార్తీకందాకా ఆగండి.

ఈలోగా ఆ రేకు తీసెయ్యండి. రేకు కింద నుయ్యి ఉందని తెలియనివాడు దాని మీద కాలు పెడతాడు. ఇనుప యాంగిలు చట్రానికి గట్టి జాలీ వెల్డింగు చేయించి, అంచుకి నాలుగు వైపులా రెండడుగులు ఎక్కువ వచ్చేలా వేసి, గొలుసుతో తాళం పెట్టండి. తాళంచెవి మీ ఆవిడ దగ్గర ఉంచండి. తర్వాత పగటిపూట, జాలీ పైనుంచే, అద్దంతో ఎండని లోపలికి కొట్టి ఆ సుద్ద గీత ఏ దిక్కున ఎత్తుగా ఉందో, ఎదురువైపు ఎన్ని అడుగులు పల్లంలో ఉందో చూసి రాయండి. వరలు ఏ వైపు నుంచి కాపాడుకుంటూ దింపాలో ఆ కొలతలు వచ్చాక వివరంగా చెబుతాను.